బౌద్ధ విహారమునుండి విహారయాత్రకు

తెలుగులో "విహారము" అను మాటకు రెండర్థములు కలవు. పల్నాటి దిబ్బపై బయటపడిన ఇటుక గోడలను చూపి, ఇది పూర్వము విహారమని చరిత్రకారుడు చెప్పును. సెలవు దినమున పిల్లలతో నాగార్జునసాగరమునకు బయలుదేరిన గృహస్థు తాను విహారయాత్రకు పోవుచున్నానని చెప్పును. మొదటి దానియందు విహారము భిక్షువుల నివాసము. రెండవ దానియందు ఉల్లాస ప్రయాణము. ఒకే మాట సన్న్యాసుల గదినుండి యాత్రికుల బసకు నడచి వచ్చినది.

మాటవలెనే కట్టడములును నడచి వచ్చిన దేశములు కొన్ని కలవు. అచ్చట సన్న్యాసులు విడిచిన మఠములు నేడు ప్రయాణికులకు వసతిగృహములై నిలిచియున్నవి. మన గుంటూరు, ప్రకాశం సీమలలోని విహారములు ఏమైనవి? కొన్ని ఎట్లు నిలిచినవి? మరికొన్ని ఎందుకు నశించినవి? ఈ ప్రశ్నలు పండితులకే కాక గ్రామ పంచాయతీ సభ్యులకును ముఖ్యమైనవి. ఏలయనగా పాత దిబ్బలు అనేకము గ్రామముల పొలిమేరలలోనే ఉన్నవి. వాటి మంచి చెడ్డలు మొట్టమొదట తెలియునది గ్రామస్థులకే.

విహారమనగా నేమి?

విహారము పుట్టుక వానకాలముతో ముడిపడి యున్నది. బుద్ధుని కాలమున భిక్షువులు ఒకచోట నిలువక ఊరూర తిరుగుచు ధర్మబోధ చేయుచుండిరి. వానకాలమున మాత్రము మూడు నెలలు ఒకచోట నుండవలెనని నియమము. దీనిని వర్షావాస మందురు. ఆ మూడు నెలల బసకై దాతలు ఏర్పరచిన నివాసములే కాలక్రమమున ఇటుక కట్టడములై, భిక్షువులకు శాశ్వత నివాసములైనవి.

వీటి కట్టుబడి చాల వరకు ఒకే తీరున నుండును. నడుమ రాతి స్తంభముల మండపము. దాని చుట్టును వరుసగా చిన్న గదులు. ఒక్కొక్క గది పరుండుటకును, ధ్యానము చేయుటకును చాలునంతటిది. ప్రక్కన భోజనశాల, సామాను గది, స్నానపు తావు. దగ్గరలో స్తూపమును, గజపృష్ఠాకారముగల చైత్యగృహమును ఉండును. గజపృష్ఠాకారమనగా ఏనుగు వీపువలె వెనుకవైపు గుండ్రముగా నుండు రూపము. నడుమ వాకిలి, చుట్టును గదులు, ఒక వంటశాల, ఒక భోజనశాల అను ఈ ఏర్పాటు నేటి వసతిగృహపు ఏర్పాటునకు దగ్గరగా నుండుట గమనింపదగినది.

ఇట్టివి పెక్కు నాగార్జునకొండ లోయలో వెలసినవి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా ఆ లోయను పాలించిరి. ముప్పదికి పైగా బౌద్ధ కట్టడములు అచ్చట బయల్పడినవి. వీటిని కట్టించుటలో స్త్రీలు ముందుండిరి. వీరపురుషదత్తుని మేనత్త యగు చాంతిసిరి మహాచైత్యమునకు ప్రధాన దాత. బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమున కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి మొదలగు దేశములలో ధర్మబోధ చేసిన సింహళ ఆచార్యుల ప్రశంస కలదు. సింహళ భిక్షువులకు ప్రత్యేకముగ ఒక విహారమే యుండెను. కృష్ణ ఒడ్డున దూరదేశపు అతిథికి చోటు చూపుట మనకు క్రొత్త సంగతి కాదు. అది పదునేడు వందల యేండ్ల నాటి అలవాటు.

భిక్షువులు వెడలిన పిమ్మట

ఇక్ష్వాకుల పాలన ముగియుటతో రాజాదరణ తగ్గెను. క్రమముగా విహారములు బోసిపోయినవి. క్రీస్తుశకము 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చెను. అదియే నేటి అమరావతి ప్రాంతము. అనేక విహారములు పాడుపడి యుండెననియు, ఇరువది మాత్రమే వాడుకలో నుండెననియు ఆయన వ్రాసెను. ఆ పిమ్మట అవియు మూతబడినవి.

దిక్కులేని కట్టడమునకు పట్టు గతి ఏమిటో అమరావతి చరిత్ర తెల్పుచున్నది. 18వ శతాబ్దపు చివరి సంవత్సరములలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా చేసికొని పట్టణము కట్టింప నారంభించెను. ఇటుకకును రాతికిని వెదకుచుండగా ఊరి ప్రక్కనున్న దీపాలదిన్నె వారి కంటబడెను. అదియే మహాస్తూపమని నాడెవరికి తెలియదు. శిల్పములు చెక్కిన పలకలు గోడలకును మెట్లకును పోయినవి. 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ అచ్చటికి వచ్చి చూచెను; 1816లో మరల వచ్చి మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన పలకలు మదరాసు చేరి, పిమ్మట సముద్రము దాటి లండను నగరమునకు పోయినవి. నేడు అమరావతి శిల్పములు నూటికి పైగా బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. వాటిని చూడగోరు అమరావతి వాసి లండను వరకు పోవలెను.

భట్టిప్రోలు కథయు ఇట్టిదే. 19వ శతాబ్దిలో అచ్చటి స్తూపపు ఇటుక, రాయి రోడ్డు పనులకును కాలువ పనులకును తరలినవి. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వునప్పటికి మిగిలినది కొంతయే. ఆ మిగిలిన దానిలోనే ధాతువులుంచిన రాతి కరండములును, వాటిపై అతి ప్రాచీనమగు బ్రాహ్మీ లిపియును దొరకినవి. పోయిన దానిలో ఏమేమి యుండెనో ఊహించుటయే మన పని.

ఈ రెండు చోట్లను చెడుబుద్ధితో ఎవరును పడగొట్టలేదు. పని చేయించువారికి ఇటుక కావలసి వచ్చెను. దిబ్బ దగ్గరలో ఉండెను. వలదని చెప్పువారు లేకుండిరి. మన గ్రామములలో నేడును ఏ దిబ్బకైన ఇంతకంటె పెద్ద శత్రువు లేదు.

చేజెర్ల చెప్పు పాఠము

పల్నాటిలో నకరికల్లు మండలమందు చేజెర్ల యను గ్రామము కలదు. అచ్చటి కపోతేశ్వరస్వామి ఆలయము గజపృష్ఠాకారముగల ఇటుక కట్టడము. అది మొదట బౌద్ధ చైత్యగృహమై యుండెనని పండితులు నిర్ణయించిరి. భిక్షువులు వెడలిన పిదప గ్రామస్థులు దానిని విడువలేదు. అందు శివుని ప్రతిష్ఠించి, దీపము వెలిగించి, కప్పు చెడినప్పుడు బాగు చేసికొనుచు వచ్చిరి. పావురమును కాపాడుటకై తన మాంసమును కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ ఆ క్షేత్రమునకు స్థలపురాణము. శిబి కథ భారతమునందును కలదు. నాగార్జునకొండ బౌద్ధ శిల్పములందును కలదు. మతము మారినను కథ మారలేదు.

అమరావతి మహాస్తూపము మహారాజుల పోషణ పొందినది. చేజెర్ల చైత్యము చిన్నది. అయినను పెద్దది దిబ్బగా మారెను, చిన్నది కప్పుతో సహా నిలిచెను. రెంటికిని భేదము ఒక్కటే. చేజెర్లలో ప్రతిదినము తలుపు తీయువారుండిరి. వాడుకలో నున్న కట్టడము బ్రతుకును. వాడుక తప్పిన కట్టడము ఇటుకల గనియగును.

ఐరోపాలో మఠములు వసతిగృహములైన విధము

ఈ సూత్రమునే ఇతర దేశములు వేరొక మార్గమున అనుసరించినవి. 1834లో పోర్చుగల్ ప్రభుత్వము పురుష సన్న్యాసుల మఠములను రద్దు చేసెను. స్పెయిన్ దేశమందు 1836లో మఠముల ఆస్తులు ప్రభుత్వపరమై వేలమునకు పోయెను. ఖాళీయైన మఠములు కొన్ని సైనికుల బసలుగను, కొన్ని కొట్టములుగను మారినవి. కొన్నింటి రాళ్లు ఇండ్లకు పోయినవి. మన అమరావతికి పట్టిన గతియే వాటికిని పట్టెను.

20వ శతాబ్దిలో ఆ ప్రభుత్వములకు ఒక యోచన తోచెను. స్పెయిన్‌లో 1928లో "పరదోర్" అను ప్రభుత్వ వసతిగృహముల సంస్థ మొదలయ్యెను. కోటలు, రాజభవనములు, మఠములు బాగుచేసి అందు ప్రయాణికులకు బస కల్పించుట దాని పద్ధతి. గ్రనడా నగరమందలి ఒక పూర్వపు మఠము 1945లో ఇట్లు వసతిగృహమయ్యెను. పోర్చుగల్‌లో ఎవోరా పట్టణమందలి లోయోస్ మఠము 1965లో ప్రయాణికులకు తెరువబడెను. స్పెయిన్ వాయవ్య మూలను సిల్ అను నది లోయలో, అడవి నడుమ, సాంతో ఎస్తేవో అను మఠము కలదు. మూడు వాకిళ్లుగల ఆ పెద్ద కట్టడము చాల కాలము పాడుపడి యుండి, 2004లో పల్లెపట్టు వసతిగృహమై మరల దీపము వెలిగించుకొనెను. అందు పూర్వము నివసించిన బెనెడిక్ట్ సంప్రదాయ సన్న్యాసులకు అతిథిసేవ ఒక నియమము. కావున ఆ ఇల్లు తన పాత ధర్మములో ఒక భాగమును నేటికిని జరుపుచున్నదనవచ్చును.

ఇట్టి మార్పులో సన్న్యాసుల గదులు ప్రయాణికుల గదులగును. భోజనశాల భోజనశాలగనే ఉండును. నడిమి వాకిలి చెక్కుచెదరక నిలుచును. పరదోర్ సంస్థ ప్రభుత్వపు సొత్తు. కట్టడపు బయటి రూపును కాపాడుట, వచ్చిన సొమ్ము పోషణకు తోడ్పడుట, చుట్టుపట్ల పల్లెలకు పని దొరకుట అను మూడు లాభములు ఈ పద్ధతిలో కలవు. లోపమును కలదు. ప్రార్థన జరిగిన తావున విందులు జరుగుట కొందరికి కష్టము కలిగించును. పేద యాత్రికునకు అచ్చటి అద్దె అందుబాటులో నుండదు. మేలు కీడులు రెండును తెలిసికొని పాఠము గ్రహింపవలెను.

మన విహారములకు ఈ పద్ధతి తగునా?

తగదనియే చెప్పవలెను. మన విహారములలో చాల వరకు కప్పు లేదు. గోడలు మోకాలి ఎత్తు మాత్రమే మిగిలినవి. స్తూపములలో ధాతువులు నిక్షిప్తములైనవి. నేటికిని బౌద్ధులు దూరదేశములనుండి వచ్చి నమస్కరించుచున్నారు. ఇవి గాక చట్టము కలదు. ప్రాచీన కట్టడముల రక్షణకై 1958లో చేసిన కేంద్ర చట్టమును 2010లో సవరించిరి. ఆ సవరణ ప్రకారము కేంద్ర రక్షణలోనున్న కట్టడము చుట్టును 100 మీటర్ల వరకు క్రొత్త కట్టడములు నిషిద్ధము. ఆ పైన మరి 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు.

కావున మనకు తగిన మార్గము వేరు. పాత కట్టడమును ముట్టక, బసను దానికి ఎడముగా ఏర్పరచుట. నాగార్జునకొండయందు జరిగినది ఇదియే. ఆ చరిత్రను ప్రతి రైతును ఎరుగవలెను. ఏలయనగా అది అతని పొలమునకు చేరిన నీటి చరిత్ర.

1926లో సూరపరాజు వేంకటరామయ్య యను స్థానిక ఉపాధ్యాయుడు లోయలో పాత స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. శాసన శాఖకు చెందిన సరస్వతి వచ్చి పరిశీలించెను. ఆ మీదట లాంగ్‌హర్‌స్టు, రామచంద్రన్ మొదలగువారు త్రవ్వకములు జరిపిరి. ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు చూచియు చూడనట్లు పోయి యుండినచో ఈ చరిత్ర ఎంత ఆలస్యముగా బయటపడెడిదో!

1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 మొదలు 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున లోయయంతయు త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన తొమ్మిది కట్టడములను విప్పి కొండపైకి చేర్చి మరల పేర్చిరి. మరి కొన్నింటికి నమూనాలు కట్టిరి. కుడి ఒడ్డున అనుపువద్ద విహారమును, మెట్ల వరుసలతోకూడిన రంగస్థలమును తిరిగి నిర్మించిరి. శిల్పములకు కొండపై ప్రదర్శనశాల వెలసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. లోయలోని పల్లెలవారు ఇండ్లు విడిచి కదలిరి, కొండ ద్వీపమయ్యెను, 203 కిలోమీటర్ల కుడి కాలువ పల్నాటి మెట్టలను దాటి ప్రకాశం సీమ వరకు నీరు గొనిపోయెను. కాలువ క్రింద నేడు మిరప నాటు రైతు, పత్తి తీయు కూలి, ఆ మునిగిన లోయకు ఋణపడి యున్నారు.

ద్వీపముపై రాత్రి బస లేదు. యాత్రికులు పడవపై పోయి, సాయంకాలమునకు తిరిగి వత్తురు. వసతిగృహములు ఒడ్డునే ఉన్నవి. వాటిలో ఒకదానికి "విజయ విహార్" అని పేరు. విజయపురి పేరును, విహారము పేరును నేడు ఒక ప్రయాణికుల బస మోయుచున్నది. పాత రాతిని ముట్టకయే పాత మాట నిలిచినది.

కాపలా లేనిచో నష్టము

ప్రకాశం సీమలో దొనకొండ సమీపమున, గుండ్లకమ్మ ఒడ్డున, చందవరమను గ్రామము కలదు. 1964లో అచ్చటి కొండపై బౌద్ధ స్తూపమును గుర్తించిరి. 1970 తరువాత జరిగిన త్రవ్వకములలో మహాచైత్యమును, విహారములును బయల్పడినవి. అచ్చటినుండి అపహరింపబడిన ఒక శిల్పము చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరెను. బుద్ధుని పూజించు భక్తులను చూపు ఆ పలకను ఆ చిత్రశాల 2005లో కొనెను. అది చందవరమునుండి దొంగిలింపబడినదని తేలిన మీదట 2016లో ఆస్ట్రేలియావారు దానిని భారతదేశమునకు తిరిగి ఇచ్చిరి. ఇట్లు తిరిగి వచ్చుట అరుదు. పాత ఛాయాచిత్రము, చిట్టా ఉన్ననే మన సొత్తు మనదని నిరూపించుటకు వీలగును.

పంచాయతీలు చేయదగిన పనులు

రాజ్యాంగములోని 11వ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న విషయములలో సాంస్కృతిక కార్యకలాపములును, సామూహిక ఆస్తుల పోషణయు ఉన్నవి. కావున ఈ క్రింది పనులు పంచాయతీకి తగినవే.

మొదటిది: గ్రామ పరిధిలోని పాత దిబ్బలు, శాసనపు రాళ్లు, శిల్పములు, కోనేరులు అన్నింటికి ఒక చిట్టా వ్రాసి, ఛాయాచిత్రములు తీయించి, గ్రామ సభలో చదివి వినిపింపవలెను. ఒక ప్రతి పురావస్తు శాఖకు పంపవలెను. ఈ పనికి ఖర్చు స్వల్పము. ఊరి పాఠశాల ఉపాధ్యాయులును విద్యార్థులును దీనికి తోడ్పడగలరు.

రెండవది: రోడ్డు పనికిగాని, ఇంటి స్థలములకుగాని మన్ను తీయునప్పుడు దిబ్బల జోలికి పోరాదు. దున్నునప్పుడు నేటి ఇటుకకంటె రెండింతలు పొడవైన ఇటుకలు వరుసగా కనబడినచో పని ఆపి తెలుపవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకిన వ్యక్తి కలెక్టరునకు తెలుపవలెను. దాచుట నేరము. తెలిపిన వానికి చట్టమున హక్కులును కలవు.

మూడవది: శిల్పములను అమ్మజూపు దళారులను గ్రామమున నిలువనీయరాదు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము ప్రైవేటు వ్యక్తులు అట్టివానిని విదేశములకు పంపరాదు.

నాల్గవది: అతిథులకు ఏర్పాట్లు. 2006 జనవరిలో అమరావతియందు దలైలామా కాలచక్ర ఉత్సవము జరిపినపుడు దేశదేశములనుండి భిక్షువులును, భక్తులును వచ్చిరి. అట్టి యాత్రికుడు మన ఊరి మీదుగా పోవునప్పుడు క్షణమాత్రమైన ఆగుటకు కారణముండవలెను. పెద్ద భవనము అక్కరలేదు. దారి చూపు పలక, మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, నీడగల అరుగు, చరిత్ర చెప్పగల ఒక యువకుడు ఉన్న చాలును. ఈ ఐదును అమరిన పిమ్మటనే బస మాట తలపెట్టవలెను. అప్పుడును అప్పుచేసి మేడ కట్టుట వలదు. మిగులు గదులుగల గృహస్థులు అనుమతి పొంది అతిథులకు అద్దెకిచ్చుట మేలు. వంట, భోజనము పొదుపు సంఘముల స్త్రీలకు అప్పగింపవచ్చును. విహారములను కట్టించిన చాంతిసిరి, బోధిసిరి ఈ గడ్డపై నివసించినవారే కదా!

ఐదవది: రాబడిలో ఒక భాగమును దిబ్బ చుట్టు కంచెకును, ముండ్ల కంప తొలగించుటకును, కాపలాకును కేటాయించునట్లు పంచాయతీ తీర్మానింపవలెను. అట్లు చేయనిచో అతిథులవలన వచ్చిన సొమ్ము ఇండ్లకు పోవును. అతిథులు చూడవచ్చిన దిబ్బ మాత్రము నశించును.

తలుపు తీయు చేయి

భిక్షువులు తిరిగి రారు. ఆ గదులలో మనము దీపము పెట్టలేము. అయినను చేజెర్ల గ్రామస్థులు చేసిన పని మనకు సాధ్యము. వారి యొద్ద పురావస్తు శాఖ లేకుండెను, చట్టము లేకుండెను. తమ ఊరిలోని పాత కట్టడము తమదేనను భావన ఒక్కటి ఉండెను. దానితోనే అనేక శతాబ్దులు కాపాడిరి. నేడు చట్టము కలదు, శాఖ కలదు, గ్రామ సభ కలదు. ఇవి యన్నియు ఉండియు మన ఊరి దిబ్బ ట్రాక్టరుకెక్కి పోయినచో, ఏమియు తెలియక దీపాలదిన్నెను త్రవ్విన నాటి కూలీలను తప్పుపట్టు అర్హత మనకుండదు.

వచ్చు గ్రామ సభలో చర్చింపవలసిన విషయములలో "ఊరి పాత దిబ్బ" అను ఒక పంక్తిని చేర్చుడు. పని అచ్చట మొదలగును.